గుట్ట మీద దొరికింది... ఇంటికి తెచ్చుకోవచ్చా?

అడవుల్లో, కొండల్లో తిరిగేటప్పుడు కంటబడిన వింత వస్తువుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, నల్లమలలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లె. మేకలు తోలుకెళ్లినప్పుడు మా తమ్ముడికి పొద పక్కన నిమ్మకాయంత ఉండ ఒకటి దొరికింది. గుడ్డపేలిక మీద దారంతో గట్టిగా చుట్టి ఉంది, కొవ్వు వాసన వస్తోంది. తెచ్చి పశువుల కొట్టంలో పెట్టాడు. చేతబడి చేసిన వస్తువేమోనని మా అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

ఈ ఉత్తరాన్ని అన్నిటికంటే ముందు వేయమని ఎడిటర్‌గారిని అడిగాను. అమ్మా, సంచిక మీ చేతికొచ్చేదాకా ఆగలేక మీరు రాసిన నంబరుకు ఆరోజే ఫోన్ చేశాను. పోలీసులు వచ్చి తీసుకెళ్లారని మీ తమ్ముడు చెప్పాక గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

అది చేతబడి కాదు. అడవిపందుల కోసం పెట్టే నాటు బాంబు. లోపల నలిగితే పేలే మందు ఉంటుంది, పైన పందిని రప్పించడానికి కొవ్వో పిండో పూస్తారు. దానికి నిప్పు అక్కర్లేదు, పళ్ల కింద పడితే చాలు. ఆ పళ్లు పందివే కానక్కర్లేదు. ఆవు కొరికినా, కుక్క నోట కరుచుకొచ్చినా, లోపల ఏముందో చూద్దామని పిల్లలు రాయితో కొట్టినా పేలుతుంది. దవడ ఎగిరిపోయిన ఆవును నేను చూశాను. మేత తినలేదు, నీళ్లు తాగలేదు, ప్రాణం పోవడానికి రోజులు పట్టింది. ఆ రైతు దాని పక్కనే కూర్చున్నాడు.

కాబట్టి అడవిలో, అడవి అంచు చేలల్లో దారం చుట్టిన ఉండ ఏది కనిపించినా ముట్టుకోవద్దు, కాలితో తన్నొద్దు. కుక్క వెంట ఉంటే ముందు దాన్ని పట్టుకోండి. దూరం జరిగి 112కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని అటవీ శాఖ బీట్ ఆఫీసరుకి చెప్పండి.

ఇదే సందర్భంలో ఉచ్చుల గురించి కూడా చెప్పాలి. ఈమధ్య ఎక్కువగా బండి క్లచ్ వైర్లతో వేస్తున్నారు. మా బేస్ క్యాంపులో ఒక చెంచు పెద్దాయన వాచరుగా ఉండేవాడు. పొదల మధ్య జంతువులు నడిచే సందులో ఒక పక్క కొమ్మలు విరిచి అడ్డం పెట్టి ఉంటే చాలు, చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేసేవాడు. జంతువు ఇంకో పక్కకు పోకుండా, ఉచ్చు ఉన్న వైపే వెళ్లేలా అలా కొమ్మలు పెడతారు. విరిచిన కొమ్మ ఆకు ఇంకా పచ్చిగా ఉంటే ఉచ్చు ఆరోజుదే, వేసినవాడు దగ్గర్లోనే ఉంటాడని చెప్పేవాడు. వాడు దగ్గర్లో ఉన్నాడంటే మీరు అక్కడ నిలబడి ఫొటోలు తీయడం మంచిది కాదు. చోటు గుర్తుపెట్టుకుని వచ్చేయండి. మోకాలి ఎత్తులోపు చిన్న చిన్న కర్రలకు బైండింగ్ వైరు లాగి ఉంటే మాత్రం దాటే ప్రయత్నం కూడా చేయొద్దు. అది కరెంటు ఉచ్చు కావచ్చు. వాటికి పందులకంటే ముందు మనుషులే బలైన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే స్నేహితులం. బేతంచెర్ల వైపు గుట్టలెక్కినప్పుడు ఒక పెద్ద బండ నీడలో చిన్న చిన్న రాతి పెచ్చులు వందల్లో కనిపించాయి. కొన్ని బ్లేడు ముక్కల్లా పదునుగా ఉన్నాయి. గుప్పెడు తెచ్చుకున్నాం. ఫొటోలు పంపుతున్నాం. ఇవేమిటి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

ఫొటోలు పెద్దవి చేసి చాలాసేపు చూశాను. గోధుమరంగు పెచ్చు ఒకటుంది కదా, దాన్ని తిరగేసి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. ఒక కొసన చిన్న ఉబ్బు కనిపిస్తుంది. వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ ఉబ్బు దగ్గర మొదలై సన్నటి గీతలు విల్లులా వంగి, ఒకదాని వెనక ఒకటి రెండో కొస దాకా వెళ్తాయి. ఇంకో రాయితోనో కొమ్ముతోనో గురిచూసి ఒక్క దెబ్బ వేసి పెచ్చు లేపినప్పుడు, దెబ్బ తగిలిన చోటికి కిందనే ఆ ఉబ్బు వస్తుంది. కొండమీంచి దొర్లి పగిలిన రాళ్లు వందల్లో ఉన్నా అన్నిటికీ ఒకే తీరున ఆ ఉబ్బు ఉండదు.

మీకు దొరికినవి రాతియుగపు మనుషులు పనిముట్లు చేసుకున్నప్పుడు రాలినవి. వాటిలో సన్నగా, పొడుగ్గా, రెండంచులూ సమానంగా ఉన్నవి పనిముట్లే. అలాంటివాటిని కర్రలోనో ఎముకలోనో గాడి తీసి, వరసగా బంకతో అతికించి బాణాలుగా, కోత కత్తులుగా వాడేవాళ్లు. బేతంచెర్ల అంటే నాపరాళ్ల దేశం. అక్కడ ఒకే బండ కింద చెకుముకి రాళ్లు, పలుగురాళ్లు పదునైన పెచ్చులుగా కుప్పపడి ఉన్నాయంటే, ఎవరో అవి ఏరుకొచ్చి ఆ నీడలో కూర్చుని పని చేసుకున్నారన్నమాట.

ఆ చుట్టుపక్కలది చిన్న చరిత్ర కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1884, 85 ప్రాంతంలోనే తవ్వకాలు జరిపారు. మన దేశంలో పాతరాతియుగపు పనిముట్టును 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో మొదట గుర్తించింది ఈ ఫుట్టే. ఇక బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడ నేలలో పొరగా మిగిలింది. ఆ బూడిదకు కిందా పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంత ఉత్పాతానికి ముందూ తర్వాతా కూడా ఆ లోయలో మనుషులున్నారన్న వాదనకు ఇదే ఆధారం. అక్కడే ఒక బండ నీడలో దొరికిన, మీ పెచ్చులలాంటి చిన్న పనిముట్లు సుమారు 35,000 ఏళ్ల నాటివని తేలింది.

ఎలా తేలిందంటారా? అవి ఏ పొరలో ఉన్నాయి, పక్కన ఏమున్నాయి, కింద ఏముంది అన్నది చూసి. రాయికి తన వయసు తాను చెప్పుకునే శక్తి లేదు, చుట్టూ ఉన్న మట్టే చెప్పాలి. మీ షోకేసులోకి రాగానే అది ఊరూ పేరూ లేని రాయి అయిపోయింది. మీరు ఇష్టంతో తెచ్చుకున్నారని తెలుసు, అందుకే కోపంగా రాయడం లేదు. కానీ ఆ బండ దగ్గరికి మీ తర్వాత వెళ్లే బృందమూ గుప్పెడు తెచ్చుకుంటే, ఆ తర్వాతి బృందమూ తెచ్చుకుంటే, చివరికి అక్కడ నీడ మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు చేయగలిగింది ఉంది. మళ్లీ వెళ్లి అక్కడ పారబోయకండి, అది ఇంకా గందరగోళం. ఒక కవర్లో పెట్టి, తేదీ, మీ ఫోన్‌లో ఉన్న లొకేషన్, బండకు ఏ వైపు దొరికాయో కాగితం మీద రాసి అందులోనే వేయండి. రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, కడప యోగి వేమన యూనివర్సిటీ చరిత్ర, పురావస్తు విభాగానికి గానీ ఫొటోలతో ఉత్తరం రాయండి. ఇకముందు ఎక్కడ కనిపించినా పక్కన ఒక పెన్నో రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీయండి, లొకేషన్ సేవ్ చేసుకోండి, రాయిని ఉన్నచోటే ఉంచండి.

ప్రశ్న: ట్రెక్కింగ్‌లో దుప్పి కొమ్ము దొరికింది. రాలిపోయినదే, జంతువును ఎవరూ చంపలేదు. గోడకు తగిలించుకుంటే తప్పేంటి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

తప్పే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొమ్ము కూడా ప్రభుత్వ ఆస్తే. చేతికి వచ్చిన 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారులకో చెప్పాలి. రాలిన కొమ్ముకూ, చంపి కోసిన కొమ్ముకూ తేడా గోడ మీద కనిపించదు. రాలినవి ఉంచుకోవచ్చంటే వేటగాళ్లందరూ రాలినవే అంటారు. అందుకే ఆ గీత అంత గట్టిగా గీశారు.

చట్టం సంగతి పక్కన పెడితే, ఆ కొమ్ముకు అడవిలో పని ఉంది. మీ ఫొటోలో కొమ్ము మొదట్లో పక్కపక్కనే సన్నటి గాళ్లు ఉన్నాయి, ఎవరో చిన్న ఉలితో చెక్కినట్టు. అవి ముళ్లపంది పళ్ల గుర్తులు. దుప్పులు, కణితులు కొమ్ములు రాలుస్తాయి, ముళ్లపందులు రాత్రిళ్లు వాటిని కొరుక్కుని ఒంటికి కావలసిన సున్నం సంపాదించుకుంటాయి. బొరియ దాకా లాక్కెళ్లి దాచుకునేవి కూడా ఉన్నాయి. సగం తిన్న కొమ్మును మీరు ఎత్తుకొచ్చారు. రేంజ్ ఆఫీసులో అప్పగించి, ఎక్కడ దొరికిందో రాసివ్వండి. తమంతట తాము వచ్చి ఇచ్చినవాళ్లను నేను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ప్రశ్న: మా గుట్ట మీద నల్లటి, మెరిసే, చాలా బరువైన రాయి దొరికింది. అయస్కాంతం కొద్దిగా అతుక్కుంటోంది. ఉల్క అని, లక్షలు పలుకుతుందని ఒకాయన అంటున్నాడు. ముందుగా కొంత ఫీజు కడితే టెస్టు చేయిస్తాడట. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఫొటోలో రాయి నిండా గాలి బుడగల గుంటలున్నాయి, ఒక పక్క బెల్లం పాకం కారి గడ్డకట్టినట్టుంది. ఉల్కలకు లోపల అలా బుడగలుండటం చాలా అరుదు. వాటికి పైన పలుచటి నల్ల పెంకు ఉంటుంది, లోపల గట్టిగా ఉంటాయి. మీది ఇనుప చిట్టెం. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి బట్టీలో కరిగించినప్పుడు ఇనుము నుంచి వేరుపడి కారిన మష్టు. ఇంకా కొంత ఇనుము మిగిలి ఉంటుంది కాబట్టి అయస్కాంతం పట్టుకుంటుంది.

కానీ మీరు నిరాశపడకండి. నిజామాబాద్ జిల్లాలో ఇనుప చిట్టెం దొరికిందంటే నాకు ఉల్కకంటే ఎక్కువ సంతోషం. మీ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకునే కత్తులకు మన దక్కనులో చేసిన ఉక్కు ముద్దలు వెళ్లాయి. డాక్టర్ వోయిసీ అనే ఇంగ్లిష్ ఆయన 19వ శతాబ్దం మొదట్లో కోనసముద్రంలో ఆ ఉక్కు చేసే తీరు కళ్లారా చూసి రాసిపెట్టాడు. మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి గిన్నెల్లో, ఇనుము పెట్టి, మట్టితో మూతి బిగించి, తిత్తులు ఊదుతూ గంటల తరబడి కాల్చేవాళ్లు. ఇంత నేర్పు ఉన్న కుటుంబాల పేర్లు ఏ శాసనం మీదా లేవు. వాళ్ల గుర్తుగా మిగిలింది ఈ చిట్టెం కుప్పలే, వాటిని కూడా రోడ్ల కింద కంకరగా పోసేస్తున్నారు.

మళ్లీ ఆ గుట్టకు వెళ్లి చుట్టూ చూడండి. కాలి ఎర్రబడిన మట్టి గొట్టాల ముక్కలు కనిపిస్తే అవి బట్టీలోకి తిత్తుల గాలి పంపినవి. పగిలిన చిన్న మట్టి మూసలు, గాజులా మెరిసే పూతతో ఉంటే ఇంకా ముఖ్యం. ఏదీ కదపకుండా ఫొటోలు తీసి హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని హెరిటేజ్ తెలంగాణ ఆఫీసుకు పంపండి. ఊళ్లో ముసలివాళ్లను, కమ్మరి ఇళ్లవాళ్లను అడిగి వాళ్ల జ్ఞాపకాలు కూడా రాసి జతచేయండి.

ప్రశ్న: తాడ్వాయి అడవిలో బండలతో కట్టిన చిన్న గదులు చూశాం. నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒక పెద్ద బండ కప్పారు. కొన్నిటి లోపల తవ్విన గుంటలున్నాయి. గైడు రాక్షసగుళ్లు అన్నాడు. ఎవరు కట్టారు?
— ఒక పాఠకురాలు, వరంగల్

మనుషులే కట్టారమ్మా. దామరవాయి చుట్టుపక్కల అడవిలో ఇవి చాలా ఉన్నాయి. ఇనుము వాడకం తెలిసిన తొలినాళ్ల మనుషులు తమవాళ్ల కోసం కట్టుకున్న సమాధులు. ఈ పద్ధతి సుమారు మూడు వేల ఏళ్ల కిందట మొదలై చాలాకాలం సాగింది. మృతుల పక్కన నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనుప వస్తువులు పెట్టేవాళ్లు.

మీరు చూసిన గుంటలు గుప్తనిధుల పిచ్చోళ్లు తవ్వినవి. బంగారం ఉంటుందనుకుని సమాధి పగలగొడతారు, కుండపెంకులూ ఎముకలూ బయటికి విసిరేస్తారు. నందుల పొట్టలు పగలగొట్టేది, వీరగల్లుల కింద తవ్వేది కూడా వీళ్లే. మన పూర్వీకుల సమాధి అది. మీ తాతగారి సమాధిని ఎవరైనా తవ్వితే ఊరుకుంటారా? నాకు ఈ విషయంలో ఓపిక లేదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలు దాటిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. తవ్వి దాచుకుంటే జైలే. తాజాగా తవ్విన మట్టి, కొబ్బరి చిప్పలు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ కనిపిస్తే ఆరోజే పోలీసులకు చెప్పండి. అలాంటివాళ్లు సగం పని వదిలిపెట్టరు, మళ్లీ వస్తారు.

ప్రశ్న: నేను టీచర్ని. వేమనపల్లి వైపు ప్రాణహిత దగ్గర్లో పిల్లలకు చెట్టు మొద్దులాంటి రాయి దొరికింది. బెరడు, వలయాలు అన్నీ ఉన్నాయి, మోగిస్తే రాయిలా మోగుతోంది. బడికి తెచ్చి పెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, మంచిర్యాల జిల్లా

అది ఒకప్పుడు చెట్టే. కోట్ల ఏళ్ల కిందట నది ఇసుకలో పూడిపోయింది. నీళ్లలో కరిగిన సిలికా అనే ఖనిజం కొద్దికొద్దిగా లోపలికి ఇంకి, కట్టె పోయిన చోటల్లా రాయి చేరింది. అందుకే వలయాలు చెక్కుచెదరలేదు. మీ ప్రాంతం డైనోసార్లది కూడా. యామన్‌పల్లిలో దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. ప్రాణహితకు అవతల, సిరోంచ వైపు దొరికిన బరపాసారస్ ఎముకలు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

మొద్దును మాత్రం కదపకండి. రిజర్వు ఫారెస్టులోంచి రాయి తీయడం కూడా నేరమే అన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం అమెరికా నుంచి చెబుతాను. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్కు ఉంది, నిండా ఇలాంటి రాతి మొద్దులే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు గ్రాండ్ క్యాన్యన్‌తో పాటు అది కూడా చూసి వస్తుంటారు. అక్కడ ముక్కలు జేబులో వేసుకెళ్లినవాళ్లు తర్వాత మనసొప్పక, క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో వెనక్కి పంపుతుంటారు. పాపం, ఆ ముక్కల్ని ఎక్కడివక్కడ పెట్టడం పార్కువాళ్ల వల్ల కాదు. ఏ మొద్దు పక్కనుంచి తీశారో ఎవరికి తెలుసు? పరిశోధనకు పనికిరావు కాబట్టి అన్నిటినీ రోడ్డు పక్కన ఒకచోట కుప్ప పోశారు.

మీ పిల్లలు ఆ పొరపాటు చేయకుండా నేర్చుకోవచ్చు. టేపుతో పొడవు, చుట్టుకొలత కొలిపించండి. వలయాల మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది, దాన్ని బడిలో ఫ్రేము కట్టించి పెట్టండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా హైదరాబాద్ ఆఫీసుకు పిల్లల చేతే ఉత్తరం రాయించండి. జవాబు వస్తే నాకు కూడా ఒక కాపీ పంపండి, నిజంగా చదవాలని ఉంది.

ప్రశ్న: కొండ మీద థర్మకోల్ డబ్బా, చిన్న పారాచూట్, చిరిగిన పెద్ద రబ్బరు బెలూన్ దొరికాయి. డబ్బాలో సర్క్యూట్ ఉంది. గూఢచారి పరికరమా?
— ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

కాదు. ఫొటోను బట్టి అది వాతావరణ శాఖ వాళ్ల రేడియోసోండ్. మచిలీపట్నం, విశాఖ, హైదరాబాద్ లాంటి కేంద్రాల నుంచి బెలూన్‌కు కట్టి వదులుతారు. పైకి వెళ్తూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు రేడియోలో పంపుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ బెలూన్ ఉబ్బి, 30 కిలోమీటర్ల ప్రాంతంలో పగిలిపోతే పారాచూట్‌తో కిందికి దిగుతుంది.

పెద్ద పరికరాలు దిగితే మాత్రం అవి వేరు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం వదిలేవి అలాంటివి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పొలంలో దిగి జనాన్ని హడలగొట్టిన పెద్ద గుండ్రటి పెట్టె అక్కడి నుంచి ఎగిరిందే. అలాంటిది కనిపిస్తే తెరవకుండా పోలీసులకు చెప్పండి. మీ చిన్న డబ్బా మీద అడ్రసు, నంబరు ఉంటే ఫోన్ చేసి అడగండి. వద్దంటే బ్యాటరీ తీసేసి ఊరి బడిలో సైన్సు టీచరుకివ్వండి. బెలూన్ రబ్బరు, దారం మాత్రం కొండ మీద వదలకండి. రబ్బరును మేకలు, దుప్పులు మింగుతాయి, దారం పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.